సైనిక దళాల గుర్తులు, జెండాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్నగారు మద్రాస్ రెజిమెంట్‌లో పనిచేసి, పదవీ విరమణ తరువాత చిత్తూరు జిల్లాలోని సొంతూరికి వెళ్లకుండా బెంగళూరులో హలసూరు దగ్గరే స్థిరపడ్డారు. సైనిక వాహనాలు, కవాతు దుస్తుల్లో వెళ్లే జవాన్లు రోజూ కంటబడే ప్రాంతం కావడంతో, మా వీధిలోని తెలుగు కుటుంబాల పిల్లలు వాళ్ల టోపీల మీది గుర్తులను, బండ్ల మీది బొమ్మలను చూసి వచ్చి ఆయనను అడిగేవారు. ఆయన పోయాక ఆ ప్రశ్నలు నా దగ్గరకు వస్తున్నాయి. ఇన్నేళ్లుగా నోటితో చెబుతూ వచ్చిన జవాబులను ఇక్కడ వరుసగా రాసి పెడుతున్నాను.

బిళ్ల, జెండా, నిషాన్ అన్నీ ఒకటేనా?

కావు. టోపీ మీద లేదా తలపాగా మీద ఉండే లోహపు గుర్తును మన పెద్దలు బిళ్ల అన్నారు. కలెక్టరు కచేరీ ముందు ఇత్తడి బిళ్ల తగిలించుకుని నిలబడిన బిళ్ల బంట్రోతు కాలం నుంచి ఆ మాట మన నోట ఉంది. అది సైనికుడు ఏ రెజిమెంటు వాడో చెబుతుంది. జెండా కార్యాలయం మీదో, నౌక మీదో, వాహనం మీదో ఎగురుతుంది. నౌకాదళ, వైమానిక దళ జెండాలను ఎన్‌సైన్ అంటారు. నిషాన్ ఈ రెండింటికీ భిన్నమైనది. అది రాష్ట్రపతి పేరున దళానికి అందే పతాకం. దానిని స్తంభానికి కట్టి వదిలేయరు. కవాతులో ఒక అధికారి చేతబట్టి నడుస్తాడు, చుట్టూ రక్షణగా జవాన్లు నడుస్తారు, అది ఎదురుగా వస్తే ఎంతటి అధికారి అయినా వందనం చేయాలి.

అసలు సేనకు ఈ గుర్తులు ఎందుకు అవసరమయ్యాయి?

దీనికి మన భాషలోనే అందరికీ తెలిసిన జవాబు ఉంది. తెలుగు భారతం విరాటపర్వంలో, ఉత్తర గోగ్రహణ సమయాన, బృహన్నల రూపంలో ఉన్న అర్జునుడు ఎదుటనున్న కౌరవ వీరులను ఉత్తరకుమారుడికి చూపించిన తీరు గుర్తు చేసుకోండి. ముఖాలు కనిపించేంత దగ్గరలో ఎవరూ లేరు. బంగారు వేదిక ఉన్న జెండా ద్రోణుడిది, సింహపు తోక అశ్వత్థామది, బంగారు ఎద్దు కృపుడిది, శంఖం కర్ణుడిది, మణులు పొదిగిన పాము దుర్యోధనుడిది, తాటిచెట్టు భీష్ముడిది అని టెక్కేలను బట్టే అతడు ఒక్కొక్కరినీ గుర్తుపట్టి చెబుతాడు. సిడము, పడగ, టెక్కెము అని జెండాకు మన భాషలో ఇన్ని మాటలు ఉండడమే ఆ అవసరం ఎంత పాతదో చెబుతుంది.

ఆ ఆరు గుర్తులనూ గుర్తులు గీసేవాడి కన్నుతో మరోసారి చూడండి. తాటిచెట్టు నిలువుగా ఉంటుంది, పాము మెలికలు తిరుగుతుంది, ఎద్దు అడ్డంగా బరువుగా ఉంటుంది, శంఖం గుండ్రంగా మొదలై కొనదేలుతుంది. ధూళిలో రంగులు కలిసిపోయినా ఆకారాన్ని బట్టి ఏది ఎవరిదో తేల్చుకోవచ్చు. ఒక్కదాని మీదా అక్షరం లేదు. మంచి సైనిక గుర్తును నేటికీ ఈ కొలతతోనే తూచవచ్చునని నా నమ్మకం: నీడబొమ్మగా గీసినా పోల్చుకోగలగాలి.

తరువాతి కాలంలో తుపాకి మందు పొగ కమ్మిన యుద్ధభూమిలో చెదిరిపోయిన సిపాయి తన పటాలాన్ని మళ్లీ చేరుకోవడానికి పైన కనిపించే పతాకమే దారి చూపేది. బెటాలియన్ అన్న మాటే మన నోట పటాలమైంది. ఆ పటాలాల్లో మనవాళ్లు ఎంతమంది ఉండేవారో చెప్పడానికి ఒక్క మాట చాలు: 1757 నాటి ప్లాసీ యుద్ధ కాలంలో క్లైవు వెంట మద్రాసు వైపు నుంచి వెళ్లిన సిపాయిలలో తెలుగువారు ఉండడంతో, ఉత్తరాదిలో సిపాయి అనే అర్థంలోనే తిలంగా అన్న పదం వాడుకలోకి వచ్చింది.

మద్రాస్ రెజిమెంట్ బిళ్ల మీద ఏనుగు ఎందుకు ఉంది? దక్షిణాదిన ఏనుగులు ఎక్కువ కాబట్టేనా?

చాలామంది అలాగే అనుకుంటారు. కానీ ఆ ఏనుగు అడవి నుంచి రాలేదు, ఒక యుద్ధం నుంచి వచ్చింది. 1803 సెప్టెంబరు 23న, నేటి మహారాష్ట్రలోని జాల్నా జిల్లా ప్రాంతంలో ఉన్న అస్సయే గ్రామం దగ్గర, ఆర్థర్ వెల్లెస్లీ నాయకత్వంలోని ఈస్టిండియా కంపెనీ సైన్యం సింధియా, భోంస్లేల మరాఠా సైన్యంతో తలపడింది. వెల్లెస్లీ సైన్యం సంఖ్యలో చాలా తక్కువ; మరాఠా ఫిరంగులు చాలా ఎక్కువ. ఫిరంగి గుళ్లకు ఎదురుగా నడిచి గెలిచిన ఆ సైన్యంలో మద్రాసు సిపాయి పటాలాలు ఉన్నాయి. ఆ యుద్ధంలో పాల్గొన్న దళాలకు గౌరవ సూచకంగా ఏనుగు గుర్తు దక్కింది. నేటి మద్రాస్ రెజిమెంట్ బిళ్లలో డాలు మీద నిలబడిన అస్సయే ఏనుగు, రెండు అడ్డకత్తులు ఉంటాయి.

ఇందులో ఒక చిక్కు ఉంది, దానిని దాటవేయడం న్యాయం కాదు. ఆ యుద్ధంలో రెండు వైపులా ప్రాణాలిచ్చినవారిలో ఎక్కువమంది ఈ దేశపు వాళ్లే. విదేశీ కంపెనీ గెలుపుకు గుర్తుగా వచ్చిన ఏనుగును స్వతంత్ర భారత సైన్యం ఎందుకు ఉంచుకుంది అని ఒక కాలేజీ విద్యార్థి నన్ను సూటిగా అడిగాడు. నేను ఇచ్చిన జవాబు ఇది: ఆ గుర్తును ఇచ్చినవాడు కంపెనీ వాడే అయినా, దానిని సంపాదించినవాడు మన ఊళ్ల నుంచి వెళ్లిన సిపాయి, ఆ తరువాత స్వతంత్ర భారతదేశం కోసం జరిగిన యుద్ధాలలో అదే ఏనుగును తల మీద పెట్టుకున్నవాళ్లు ప్రాణాలిచ్చారు. గుర్తు పుట్టిన చోటే దాని అర్థం ఆగిపోదు. దానిని ధరించిన ప్రతి తరమూ అందులో కొంత చేరుస్తుంది.

ఇలాంటిదే పంజాబ్ రెజిమెంట్ కథ కూడా. అయిదు నదుల నేలకు చెందిన పటాలం బిళ్ల మీద తెడ్లు, తెరచాప ఉన్న ఓడ కనిపిస్తే ఎవరికైనా వింతగానే ఉంటుంది. ఆ రెజిమెంటులో చేరిన పాత పటాలాలలో కొన్ని మద్రాసు ప్రెసిడెన్సీ సైన్యంలో పుట్టినవి. సముద్రం దాటితే కులం పోతుందని భయపడే రోజుల్లో ఓడెక్కి పరదేశాలలో పోరాడడానికి ముందుకు వచ్చినందుకు అలాంటి ఒక పటాలానికి ఆ ఓడ గుర్తు దక్కింది. రెజిమెంటు పేరు మారింది, మనుషులు మారారు, ఓడ మాత్రం ఉండిపోయింది.

మద్రాస్ శాపర్స్ అంటారు గదా, వాళ్ల కేంద్రం బెంగళూరులో ఎందుకు ఉంది?

మద్రాసు అన్నది వాళ్లు పుట్టిన ప్రెసిడెన్సీ పేరు. 1780 సెప్టెంబరు 30న రెండు సైనిక కంపెనీలతో మద్రాస్ పయనీర్స్‌గా మొదలైన ఆ దళం ఇప్పుడు మద్రాస్ ఇంజనీర్ గ్రూప్. కేంద్రం హలసూరు చెరువు పక్కనే ఉంది. వంతెనలు కట్టడం, దారులు వేయడం, మందుపాతరలు తీయడం వాళ్ల పని. కవాతు దుస్తుల్లో వాళ్లు పెట్టుకునే ఎత్తైన టోపీని దూప్తా అంటారు. ఆ టోపీ ఆకారం చాలు, అందులో ఉన్నది శాపరేనని చెప్పడానికి. బిళ్ల చదవాల్సిన పని లేదు. అక్కడి జవానును తంబి అని పిలవడం ఆనవాయితీ. ఆ పిలుపు కూడా ఒక గుర్తులాంటిదే. ఇదే లెక్కన మద్రాస్ రెజిమెంట్ కేంద్రం కూడా చెన్నైలో లేదు, నీలగిరి కొండల్లోని వెల్లింగ్టన్‌లో ఉంది.

బెంగళూరులో ఇంకా ఏయే గుర్తులు కనిపిస్తాయి?

పారాచూట్ రెజిమెంట్ శిక్షణ కేంద్రం ఇక్కడే ఉంది కాబట్టి ముదురు మెరూన్ రంగు బెరె టోపీలు కనిపిస్తాయి. ఎర్ర టోపీ కనిపిస్తే అతడు మిలిటరీ పోలీసు. వారి కేంద్రం కూడా ఇక్కడే. ఆర్మీ సర్వీస్ కోర్ కేంద్రం, వైమానిక దళ శిక్షణ కమాండ్ ప్రధాన కార్యాలయం కూడా ఈ నగరంలోనే ఉన్నాయి. నల్ల బెరె కవచ వాహన దళాలది, ముదురు నీలం ఫిరంగి దళానిది, ఆకుపచ్చ పదాతి దళానిది.

బలిదాన్ బిళ్లను పారాచూట్ దళం వారందరూ పెట్టుకుంటారా?

పెట్టుకోరు. కిందికి గురిపెట్టిన కత్తి, దానికి రెక్కలు, బలిదాన్ అన్న అక్షరాలు గల ఆ గుర్తు పారాచూట్ రెజిమెంట్‌లోని ప్రత్యేక దళాలకు మాత్రమే. 2019 ప్రపంచ కప్పులో, పారాచూట్ రెజిమెంట్‌కు చెందిన ప్రాదేశిక సైన్యంలో గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఉన్న మహేంద్ర సింగ్ ధోని వికెట్ కీపింగ్ గ్లవుజుల మీద ఆ గుర్తు కనిపించడం, అంతర్జాతీయ క్రికెట్ మండలి నిబంధనలను చూపి దానిని తీయమనడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పటి నుంచి ఆ బొమ్మ ఉన్న టీషర్టులు, బండి స్టిక్కర్లు ఈ నగరంలో వీధివీధినా కనిపిస్తున్నాయి. ఆ కత్తిని ధరించే అర్హత కోసం ఒక మనిషి ఒళ్లు హూనమయ్యే పరీక్షలు దాటుతాడు. దానిని పెట్రోలు ట్యాంకు మీద అంటించుకునే ముందు ఒక్క క్షణం ఆలోచించమని యువకులను నిజంగా వేడుకుంటున్నాను.

ఒకే సైనికుడి ఒంటి మీద ఇన్ని గుర్తులు ఉంటే దేనిని ఎలా చదవాలి?

తల నుంచి మొదలుపెట్టండి. టోపీ బిళ్ల అతడి రెజిమెంటును చెబుతుంది. ఇది సాధారణంగా ఉద్యోగమంతా మారదు. చేతి పై భాగాన ఉండే గుడ్డ గుర్తు అతడు ప్రస్తుతం సైన్యంలోని పెద్ద విభాగాలైన డివిజన్, కోర్, కమాండ్‌లలో దేని కింద ఉన్నాడో చెబుతుంది. బదిలీ అయితే ఇది మారుతుంది. ఒకటి పుట్టిల్లు, రెండోది అద్దె ఇల్లు అని మా నాన్నగారు పిల్లలకు చెప్పేవారు.

ఈ రెండో రకం గుర్తుల్లో ఒక తమాషా ఉంది. అవి చెప్పడానికి ఎంతగా పుట్టాయో దాచడానికీ అంతగానే పుట్టాయి. వాహనం మీద డివిజన్ పేరు, సంఖ్య రాస్తే శత్రువు చదువుతాడు. అందుకే ప్రపంచ యుద్ధాల కాలంలో పేరుకు బదులు బొమ్మ వేయడం స్థిరపడింది. మనవాడికి అది చాలు, పరాయివాడికి అది ఒట్టి జంతువు. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికాలో పోరాడిన నాలుగో డివిజన్‌ది ఎర్ర గద్ద. పదిహేడో డివిజన్‌ది నల్ల పిల్లి. సికింద్రాబాద్‌లో బంధువులు ఉన్నవారు అక్కడి 54వ డివిజన్ అడవిదున్నను చూసే ఉంటారు. కాశ్మీరులోని పదిహేనో కోర్‌ది చినార్ ఆకు. వెనకనున్న రంగు పట్టీలకూ లెక్క ఉంది: ఎరుపు, నలుపు, ఎరుపు పట్టీలు ఉంటే కమాండ్, ఎరుపు, తెలుపు, ఎరుపు ఉంటే కోర్.

ఇక భుజం మీద ఉండేది హోదా. లెఫ్టినెంటుకు రెండు నక్షత్రాలు, కెప్టెనుకు మూడు, మేజరుకు నాలుగు సింహాల జాతీయ చిహ్నం. అక్కడి నుంచి చిహ్నానికి నక్షత్రాలు చేరుతూ, ఒకటైతే లెఫ్టినెంట్ కల్నల్, రెండైతే కల్నల్, మూడైతే బ్రిగేడియర్. మేజర్ జనరల్ నుంచి పైకి కత్తి, దండం అడ్డంగా వేసి ఉంటాయి. 2023 ఆగస్టు 1 నుంచి బ్రిగేడియర్, ఆపై హోదాల వారందరికీ బెరె, భుజం గుర్తులు, మెడపట్టీలు, బెల్టు, బూట్లు ఒకే రకంగా చేశారు. అంత పైకి వెళ్లినవాడు తన పాత రెజిమెంటుకు మాత్రమే చెందినట్టు కనిపించకూడదన్నది ఉద్దేశం. నాకు ఇది సబబుగానే తోస్తుంది.

కిరీటం గుర్తు ఎప్పుడు పోయింది?

1950 జనవరి 26తో బ్రిటిషు కిరీటం స్థానంలో అశోకుడి సింహాలు వచ్చాయి. పాత రాజ పతాకాలను చించివేయలేదు, తగలబెట్టలేదు. అదే ఏడాది నవంబరు 23న డెహ్రాడూన్‌లోని సైనిక అకాడమీ చెట్‌వుడ్ హాలులో లాంఛనంగా భద్రపరిచారు. శత్రువు జెండా పట్ల కూడా చూపని ఆ మర్యాదను తాము మోసిన జెండా పట్ల చూపడంలో సైనికుల మనసు ఎలాంటిదో తెలుస్తుంది.

మార్పు అన్నిచోట్లా ఒకేసారి పూర్తికాలేదు. నౌకాదళ ఎన్‌సైన్ కథ దీనికి మంచి ఉదాహరణ. 1950లో మూలనున్న బ్రిటిషు జెండా పోయి మువ్వన్నెల జెండా వచ్చింది కానీ, తెల్లటి నేల మీద ఎర్రటి సెయింట్ జార్జి శిలువ ఉండిపోయింది. 2001లో శిలువను తీసి, నీలం రంగులో నౌకాదళ చిహ్నం పెట్టారు. ఆ నీలం ఆకాశంలోనూ సముద్రంలోనూ కలిసిపోయి దూరానికి కనబడడం లేదని ఫిర్యాదులు రావడంతో 2004లో శిలువ తిరిగివచ్చింది, మధ్యలో జాతీయ చిహ్నం చేరింది. 2014లో దాని కింద సత్యమేవ జయతే చేర్చారు. చివరకు 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో విక్రాంత్ నౌకను నౌకాదళ విధుల్లోకి తీసుకున్న రోజున శిలువ పూర్తిగా పోయింది. ఇప్పటి జెండాలో నీలి అష్టభుజి, దానికి జంట బంగారు అంచులు, లోపల లంగరు, సింహాలు, శం నో వరుణః అన్న మాటలు ఉన్నాయి. ఎనిమిది భుజాలు ఎనిమిది దిక్కులకు గుర్తు. జంట అంచులకు ఛత్రపతి శివాజీ ముద్ర ప్రేరణ.

2001 నాటి అనుభవం గుర్తులు గీసే ప్రతివాడూ గోడకు రాసి పెట్టుకోదగినది. ఆశయం ఎంత గొప్పదైనా గుడ్డ మీద, గాలిలో, దూరం నుంచి కనబడకపోతే ఆ జెండా పని జరగనట్టే.

వైమానిక దళ జెండా కూడా మారిందా?

మారింది. లేత నీలం నేల, మూల మువ్వన్నెల జెండా, మూడు రంగుల వలయం అలాగే ఉన్నాయి. 2023 అక్టోబరు 8న కుడివైపు పైమూలన సింహాలు, రెక్కలు చాచిన గద్ద ఉన్న దళ చిహ్నాన్ని చేర్చారు.

రంగులకు స్థిరమైన అర్థాలు ఉన్నాయా?

ఎరుపు త్యాగం, నీలం ఆకాశం అంటూ చెప్పే పట్టికలను అన్నిచోట్లా నమ్మకండి. ప్రతి దళానికీ తన రంగుల వెనక తన చరిత్రే ఉంటుంది.

నిషాన్ అన్ని దళాలకూ ఉంటుందా?

ఉండదు. నౌకాదళానికి 1951 మే 27న, వైమానిక దళానికి 1954 ఏప్రిల్ 1న రాష్ట్రపతి పతాకాలు అందాయి. ఫిరంగి దళానికి మాత్రం గుడ్డ పతాకం లేదు. వారికి ఫిరంగే నిషాన్. కవాతులో ఫిరంగి కదిలి వస్తుంటే పతాకానికి ఇచ్చే గౌరవమే దానికి ఇస్తారు. ఫిరంగిని శత్రువుకు వదిలి రావడం వారి దృష్టిలో జెండాను వదిలి రావడమే.

సైన్యానికే పరిమితం కూడా కాదు. 2022 జులై 31న చెన్నైలో అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు తమిళనాడు పోలీసులకు రాష్ట్రపతి పతాకాన్ని అందించారు. అక్కడి పోలీసుల ఎడమ చేతి మీద కనిపించే నిషాన్ గుర్తు ఆ గౌరవానికి సంబంధించినదే.

బిళ్లల మీద సంస్కృతం, యుద్ధ నినాదాల్లో ఇంకో భాష ఎందుకు?

నినాదం పలుకడానికి, ధ్యేయవాక్యం తలచుకోవడానికి. మద్రాస్ రెజిమెంట్ ధ్యేయవాక్యం స్వధర్మే నిధనం శ్రేయః అనే గీతావాక్యం; యుద్ధ నినాదం వీర మద్రాసీ, అడి కొల్లు, అడి కొల్లు. వేర్వేరు దక్షిణాది భాషలవాళ్లు కలిసి పరుగెత్తేటప్పుడు గొంతులో అడ్డుపడని మాటలవి. మా నాన్నగారు ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడేవారు కాదు. ఆ నినాదాన్ని మాత్రం తెలుగులోకి మార్చి చెప్పమంటే ఒప్పుకునేవారు కాదు.

కోటు జేబు మీద కుట్టే జరీ బిళ్లలను ఎలా తయారు చేస్తారు?

శివాజీనగర్ వైపు ఒక చిన్న గదిలో ఈ పని చేసే వృద్ధుడి పక్కన కూర్చుని ఒక మధ్యాహ్నమంతా చూశాను. ముందుగా నల్ల గుడ్డను చట్రానికి బిగించి, దాని మీద సుద్దపొడితో ఏనుగు గీత దింపుతారు. ఏనుగు పొట్ట, తొండం ఉబ్బెత్తుగా రావడానికి కింద నూలు పోగులను వరుసలుగా కుడతారు. ఆ పైన స్ప్రింగులా చుట్టిన సన్నని బంగారు రంగు తీగను కత్తెరతో బియ్యపు గింజంత ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ పూసలా సూదికి గుచ్చి, పక్కపక్కనే పరుస్తారు. మెరిసే తీగ ఒక రకం, మసక తీగ ఇంకో రకం. కత్తులకు మెరిసేది, ఏనుగు ఒంటికి మసకది వాడాడాయన. ముక్క అర మిల్లీమీటరు పొడుగైతే పైకి లేస్తుంది, పొట్టిదైతే కింది నూలు కనిపిస్తుంది. కంప్యూటరు కుట్టు యంత్రం నిమిషాల్లో చేసే పనికి ఆయనకు పూర్తి రోజు పట్టింది. యంత్రపు ఏనుగు బొమ్మలా ఉంటుంది. ఆయన ఏనుగు నడవబోతున్నట్టు ఉంది.

మా తాతగారి బిళ్లను నేను పెట్టుకోవచ్చా?

ఇంట్లో భద్రపరచడం, పటం కట్టించుకోవడం తప్పు కాదు. సైనికుడిని అని ఎదుటివారిని నమ్మించే ఉద్దేశంతో సైనిక దుస్తులు లేదా గుర్తులు ధరించడం మాత్రం నేరం. భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షను ప్రకారం మూడు నెలల వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. జాతీయ చిహ్నం వాడకానికి 2005 నాటి వేరే చట్టం ఉంది.

చెన్నైలో ఇవి చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

సెయింట్ జార్జి కోటలోని మ్యూజియానికి వెళ్లండి. పాత మద్రాసు సైన్యపు ఆయుధాలతో పాటు, 1947 ఆగస్టు 15న ఆ కోట మీద ఎగరేసిన పట్టు జాతీయ జెండా అక్కడ ఉంది. మసక వెలుతురులో కళ్లు కుదుటపడేదాకా ఆగి చూడండి.

పాత బిళ్ల మసకబారింది, చింతపండుతో తోమవచ్చా?

దయచేసి తోమకండి. పులుపు లోహాన్ని తింటుంది, గుర్తు మీది సన్నని గీతలు పోతాయి. మెత్తని పొడి నూలు గుడ్డతో తుడిచి, చెమ్మ తగలని చోట విడిగా ఉంచండి. ఇతర లోహాలతో రాసుకోనివ్వకండి. కొత్త పూత వేయించవద్దు. మా నాన్నగారి ట్రంకు పెట్టెలో దొరికిన బిళ్ల మీద ఏనుగు కన్ను పూర్తిగా అరిగిపోయింది, తొండం వంపు నున్నగా మారింది, కత్తుల పిడులు మాత్రం లోతుగా ఉండడం వల్ల ఇంకా పదునుగా కనిపిస్తాయి. తెల్లవారుజామున కవాతుకు ముందు బ్రాసో అనే లోహపు పాలిష్ అద్దిన గుడ్డతో, కుడిచేతి బొటనవేలితో, ఏళ్ల తరబడి ఆయన రుద్దిన చోటే అది అరిగింది.